ఓడ సొంతూరు

"నీ ఓడంతా అబద్ధం!" అంటూ ఆత్మారాం తన ఫోన్ తీసి కాబోయే అల్లుడి ముక్కు కింద పెట్టాడు.

నిజామాబాద్‌లో పెళ్ళికొడుకు ఇల్లు చూసి, నచ్చితే అక్కడికక్కడే ఖాయం చేసుకుందామని మోస్రా నుంచి నలుగురు చుట్టాలను వెంటేసుకుని వచ్చాడు. హాల్లో అడుగుపెట్టాడో లేదో అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

ఫోన్‌లో ఉన్నది పెళ్ళికొడుకు అఖిలేష్ పంపిన ఫోటోనే. తను పనిచేసే ఓడ దగ్గర నవ్వుతూ నిలబడ్డాడు. ఓడ వెనక భాగం మీద దాని పేరు, కిందనే దాని సొంత రేవు: ఉలాన్‌బాతర్.

"గా ఊరు మంగోలియాల ఉన్నదట. మా బిడ్డ స్నేహలత సూసి గిప్పుడే ఫోన్ చేసి చెప్పింది. సుట్టుపక్కల సముద్రమే లేదట! సముద్రం లేని ఊరికి ఓడ యాడికెల్లి వస్తదయ్యా? ఒక్క అబద్ధం దొరికినా నా బిడ్డను ఇయ్య. లేవుండ్రి, పోదాం!"

చుట్టాలు లేచారు. పెళ్ళికొడుకు తండ్రి ముత్తన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అఖిలేష్ మాత్రం నవ్వాడు.

"కూసో మామా. ఓడ ఎనక రాసేది రిజిస్ట్రేషన్ అయిన ఊరు. ఖర్చు యాడ తక్కువుంటే ఓనరు ఆడ చేపిస్తడు. మా ఓడ ఆ ఊరి మొఖం సూడలే, ఇగ సూడదు గూడ. బాల్కొండ కాడ హైవే మీద నాగాలాండ్ నంబరు లారీలు పోతయి గద, గవన్నీ నాగాలాండ్‌కెల్లే వస్తున్నయా?"

ఆత్మారాం నోరు తెరిచాడు. మొన్న ఆయన చెరకు మోసిన లారీకీ ఆ నంబరే.

"గంతేనా!"

సిగ్గుతో చచ్చినంత పనైంది. "తప్పయింది బావా," అని ముత్తన్న చేతులు పట్టుకున్నాడు. అప్పుడు గానీ ఇల్లు తీరిగ్గా చూడలేదు. పాలరాయి నేల, మెత్తటి సోఫాలు, గోడంత టీవీ. బిడ్డ అదృష్టం తలుచుకుంటే ఆయనకు కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇగ ఆలస్యమెందుకు? తాంబూలం తీయుండ్రి!"

పళ్ళెం చేతులు మారబోతుండగా గేటు ముందు కారు ఆగింది. ఒకావిడ సూట్‌కేసు లాక్కుంటూ తిన్నగా లోపలికొచ్చి, గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"ముత్తన్నా! ఎవరు వీళ్ళంతా? నా హాల్లో ఏం జరుగుతోంది?"

ఆత్మారాం చేతిలో పళ్ళెం అలాగే ఆగిపోయింది. ముత్తన్న ఒక్క ఉదుటున సోఫాలోంచి లేచి, భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకున్నాడు.

"పొద్దుగాల్నే మొక్కలకు నీళ్ళు పోసిన మేడం."