వినపడట్లేదయ్యా!

“వినపడట్లేదయ్యా ముసలోడా! వాయిస్తున్నావా, వీపు గోక్కుంటున్నావా?”

ముందు బల్ల దగ్గర కూర్చున్న టొమాలా చెక్కసుత్తితో పీతకాలిని ఠప్పుమని పగలగొట్టాడు. హాలంతా గొల్లుమంది.

వేదిక మీద ఓమెరోకి ఒళ్ళు మండిపోయింది. అయినా వేళ్ళు ఆపలేదు. నలభై ఏళ్ళ వాయిద్యంలో పాట మధ్యలో చెయ్యి ఆపిన పాపాన పోలేదు అతను.

గ్వాయాకిల్ రేవు పక్కన కార్లోటా పీతల హోటలది. ఆదివారం మధ్యాహ్నమైతే ప్రతి బల్ల మీదా ఉడికిన పీతలు, చల్లటి బీరు, వేదిక మీద ఓమెరో బృందం. పాడేది ఫ్లెరిదా. కీబోర్డు మీద ఫాబ్రిసియో; ఆ పెట్టెలో అతను మీట నొక్కితే తీగలు పలుకుతాయి, డోళ్ళు మోగుతాయి, ఏ వాయిద్యం కావాలంటే అది. ఇక రెకింతో ఓమెరోది. గిటారు కంటే చిన్నది, సన్నగొంతుది. పసీయో అనే ఆ ఊరి విషాదగీతంలో మనిషి ఏడవకముందే అది ఏడవాలి. బృందాన్ని నిలబెట్టింది అతనే గనుక మిగతా ఇద్దరికీ అతను మాస్టారు.

పాట అయ్యీ అవగానే ఓమెరో ఫ్లెరిదా చేతిలోని మైకు లాక్కున్నాడు.

“ఏవయ్యా టొమాలా! మడ అడవుల్లో పీతలు పట్టీ పట్టీ నీ చెవుల్లోకి బురద పోయినట్టుంది. వచ్చేవారం పుల్ల తెస్తాలే.”

జనం సుత్తులతో బల్లలు వాయించారు. టొమాలా నవ్వలేదు.

“దీనికి చెవులు కూడానా? కళ్ళుంటే చాలు. నీ వేళ్ళొక దారి, పాటొక దారి!”

“కళ్ళతో పాట వినేవాణ్ణి నిన్నే చూశాను!”

మళ్ళీ నవ్వులు. టొమాలా చేతిలోని పీత చిప్పను వేదిక మీదకి విసిరాడు. అది ఓమెరో మోకాలికి తగిలి కింద పడింది.

రెండు నెలలుగా ఇదే వరస. మొదట్లో ఓమెరోకి సరదాగానే ఉండేది. వాడొకటంటే తను రెండనేవాడు. పోనుపోను ఆదివారం వస్తోందంటే శనివారం నుంచే ప్రతిదానికీ విసుక్కునేవాడు.

టొమాలా ఇప్పుడు ఏకంగా లేచి నిలబడ్డాడు. జనం వైపు తిరిగి చేతులు చాచాడు.

“ఇంతమంది ఉన్నారు, ఒక్కరైనా అడగరేం? మిగతావాళ్ళని ఆపమనండి. ఆయనొక్కణ్ణీ వాయించమనండి. ఒక్క పాట!”

“ఓస్, దానికేం భాగ్యం!” అంటూ ఓమెరో కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అంతలోనే ఫాబ్రిసియో అతని భుజం పట్టుకున్నాడు.

“కుక్క మొరిగిందని ఏనుగు ఆగుతుందా మాస్టారూ? వాడికి లొంగినట్టవుతుంది.”

ఫ్లెరిదా అప్పటికే తర్వాతి పాట ఎత్తుకుంది.

విరామంలో ముగ్గురూ వంటింటి వెనక్కి వచ్చారు. ఓమెరో కుళాయి కింద కుడిచెయ్యి పెట్టాడు. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి.

“నిజం చెప్పండర్రా. మూడో వేలు ఇవాళ రెండుసార్లు తడబడింది. తెలిసిందా?”

“నాకే తెలీలేదు మాస్టారూ, వాళ్ళకేం తెలుస్తుంది?” అంది ఫ్లెరిదా చప్పున.

“అదే కదా అనుభవం అంటే,” అన్నాడు ఓమెరో. మనసు కొంచెం కుదుటపడింది.

“ఆ మనిషి మాత్రం ఇక ఇక్కడికి రాకూడదు,” అన్నాడు ఫాబ్రిసియో. ఆ మాట అంటూ నేలకేసి చూశాడు. “మీ పరువు మా పరువు కాదా?”

ఓమెరో గుండె ఉప్పొంగింది. కడుపున పుట్టినవాళ్ళు కూడా ఇంత పట్టించుకోరు. తడిచెయ్యి చొక్కాకి తుడుచుకుంటూ నేరుగా కార్లోటా దగ్గరికి వెళ్ళాడు.

“ఆ పీతలవాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకో.”

“ఓమెరో గారూ, నాకు పీతలు పోసేదే ఆయన! నోరు దురుసు గానీ మనిషి మంచివాడు. ఎన్నేళ్ళ నుంచో మీ పాటకి వస్తున్నాడు.”

“పీతలు ఊరంతా దొరుకుతాయి. నేను దొరుకుతానా?”

కార్లోటా నిట్టూర్చింది. వంటవాణ్ణి వెంటబెట్టుకుని ముందు బల్ల దగ్గరికి నడిచింది. మాటలేవో జరిగాయి. టొమాలా బల్ల వదలనన్నాడు. వంటవాడు రెక్క పట్టుకుని లేపాడు. సీసా దొర్లి, బీరు ఆయన ప్యాంటు మీద ఒలికింది. జనం ఈలలు వేశారు.

గుమ్మం దగ్గర టొమాలా వెనక్కి తిరిగాడు. ముఖం జేవురించి ఉంది.

“వినపడట్లేదన్నవాణ్ణి గెంటేస్తున్నారు. వింటున్నామనేవాళ్ళ మధ్య హాయిగా బతుకు!”

ఆయన టోపీ బల్ల మీదే ఉండిపోయింది. ఓమెరో దిగి వచ్చి, దాన్ని తీసుకుని, గుమ్మంలోంచి వీధి బురదలోకి గిరాటేశాడు. టొమాలా వంగి దాన్ని ఏరుకోవడం కిటికీలోంచి అందరికీ కనబడింది. సుత్తులు బల్లల మీద దద్దరిల్లాయి.

ఓమెరో మళ్ళీ వేదిక ఎక్కాడు. ఫాబ్రిసియోకి సైగ చేసి, అన్నిటికంటే కష్టమైన పసీయో మొదలెట్టాడు. అడ్డం తగిలే గొంతు లేదు. ఎవరూ మాట్లాడటం లేదు, ఎవరూ పీత పగలగొట్టడం లేదు. తీగలు హాలంతటినీ ఏడిపిస్తున్నాయి. మూలబల్ల దగ్గర ఒకావిడ కళ్ళొత్తుకుంది. చరణానికి ముందు రెకింతో ఒక్కటే పలికే చోటు వచ్చేసరికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇన్నాళ్ళ అవమానం కడిగేసినట్టయింది. కళ్ళు మసకబారాయి. ఓమెరో పట్టలేని ఆనందంతో, జీవితంలో మొదటిసారి పాట మధ్యలో, తీగల మీంచి రెండు చేతులూ తీసి జనానికి దణ్ణం పెట్టాడు.

ఒక్క స్వరమూ తడబడకుండా రెకింతో మోగుతూనే ఉంది.