వల్లూరు నుంచి నూట యాభై

"మళ్లీ వచ్చిందప్పా నీ మనీ ఆర్డరు," అంటూ పోస్ట్‌మ్యాన్ గంగప్ప మెట్లెక్కి వచ్చాడు.

ఓబులేశ్ ఆ ఫారంవైపు అనుమానంగా చూశాడు. ఇది పదకొండో నెల.

పావగడ బస్టాండు ఎదురుగా, ఎరువుల అంగడి పైగదిలో ఓబులేశ్ వెబ్ హోస్టింగ్ వ్యాపారం. సోలార్ పార్కులో వైరింగు పని మానేశాక పెట్టుకున్నాడు. అంగళ్లకు, స్కూళ్లకు వెబ్‌సైట్లు తయారుచేసి, నెలనెలా అద్దె తీసుకుని నడుపుతాడు. అందరూ ఫోన్లోనే డబ్బు కొడతారు. 'మనీ ఆర్డర్ కూడా తీసుకుంటాం' అని సైటులో ఒక ముక్క పెట్టమన్నది మాత్రం భార్య సౌభాగ్య. సిగ్నల్ లేని ఊళ్లవాళ్లు కూడా ఉంటారు కదా అంది. ఈ కాలంలో ఎవరు పంపుతారులే అని నవ్వి, సరే పెట్టాడు.

ఒక్కరే పంపారు. యశోదమ్మ, వల్లూరు.

వల్లూరు వేరుశనగ కాయలు అమ్ముతాం, ఒక పేజీ చాలు అని మొదట ఓ ఉత్తరం వచ్చింది. టైపు చేసిన ఉత్తరం. ఓబులేశ్ పేజీ తయారుచేశాడు గానీ, అనుమానం ఆ రోజే మొదలైంది. వల్లూరు అతని సొంత ఊరు. అక్కడ యశోదమ్మ అనే మనిషే లేదు. వేరుశనగ అసలే లేదు. చేలన్నీ సోలార్ ప్యానెళ్ల కిందికి పోయాయి. పైగా నూట యాభై పంపడానికి ఎనిమిది రూపాయల కమిషన్ కట్టే పిచ్చివాళ్లెవరు?

సౌభాగ్య ఆ ఊరివైపే ప్యానెళ్లు కడిగే పనికి వెళుతుంది. వాకబు చేయమన్నాడు. ఎవరికీ తెలియదన్నారని వచ్చి చెప్పింది. "అయినా వచ్చే దుడ్డు వద్దంటావా?" అని అతన్నే అడిగింది.

గంగప్ప ఫారం బల్లమీద పెట్టాడు. మొదట్లో ఓబులేశ్ వేలిముద్ర వేస్తానన్నాడు. గంగప్ప ఒప్పుకోలేదు.

"చదువుకున్నోడివి, వేలిముద్ర ఏందప్పా? సంతకమే పెట్టల్ల."

సంతకం! ఓబులేశ్ భయమంతా దాని గురించే. వల్లూరులో అతని పేరున మూడెకరాలుంది. పార్కుకు లీజుకిచ్చిన పొలం. ఆ పొలం దగ్గరే అన్న తిప్పేశ్‌తో చెడింది. రెండేళ్లుగా మాటల్లేవు. సంతకం నమూనా ఒకటి దొరికితే చాలు, పొలం రాతలు మార్చడం ఎంతసేపు? తిప్పేశ్ కాక ఇంకెవరికి కావాలి ఈ సంతకం?

ఒకే ధైర్యం. ఓబులేశ్ సంతకం నెలకో రకంగా ఉంటుంది. బిల్లులు కంప్యూటర్లో, కబుర్లు ఫోన్లో మాట్లాడి పంపడం. లెక్కలు రాసుకోమని సౌభాగ్య నోటుబుక్కు తెచ్చి ముందు పెడితే, పెన్నూ బుక్కూ రెండూ మూలకు పోయాయి. అలాంటివాడి సంతకం ఎలా ఉంటుంది? మొదటి నెల నాలుగు గీతలు. అది చూసి గంగప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఏదో ఒక 'ఓ'. ఏది అసలుదో దొంగకు తేలదు.

ఫారం కదలకుండా మౌసు ఎత్తి దానిమీద పెట్టాడు. సంతకం పెట్టాడు. గంగప్ప తొందరపెట్టలేదు. గోడమీది క్యాలెండరు చదువుతూ నిలబడ్డాడు.

"ఈ నెల శానా బాగుండాదప్పా," అన్నాడు ఫారం తీసుకుంటూ.

అప్పుడు చూశాడు ఓబులేశ్. పేరు మొత్తం, గీత మీద, తిన్నగా ఉంది. ఎవరైనా చూసి దించడానికి వీలుగా ఉంది. సంతోషించాల్సింది పోయి, ఫారం వెనక్కి లాక్కోవాలని లేచాడు. ఆపేలోపే గంగప్ప మెట్లు దిగిపోయాడు.

మరుసటి నెల ఐదో తేదీన ఓబులేశ్ వల్లూరు బస్సెక్కాడు. ఫారాల మీద డబ్బు కట్టిన తేదీ ఎప్పుడూ ఐదే. ఇంట్లో మాత్రం తుమకూరు వెళుతున్నానని చెప్పాడు.

వల్లూరు పోస్టాఫీసంటే పోస్టుమాస్టరు బోరయ్య ఇంటి ముందుగది. యశోదమ్మ ఎవరని అడిగితే బోరయ్య నీళ్లు నమిలాడు. చెప్పకూడదు, రూల్సు అన్నాడు. వీడూ అన్న మనిషే అనుకున్నాడు ఓబులేశ్. బయటికి వచ్చి, ఇంటి పక్కకు తిరిగి, కిటికీ దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పదకొండు గంటలకు బండి ఆగింది. తిప్పేశ్!

అనుకున్నంతా అయింది. ఓబులేశ్ పళ్లు బిగించాడు. ఇంతలో బండి వెనక సీటు మీదినుంచి ఒక ఆడమనిషి దిగింది. పార్కువాళ్లిచ్చిన పచ్చ కోటు, తలకు తువ్వాలు.

సౌభాగ్య.

ఓబులేశ్ గోడచాటుకు జరిగాడు. అన్న మోసం చేస్తాడని తెలుసు. ఇంట్లో మనిషి కూడానా? ఇన్నాళ్లూ తన కంచంలో అన్నం వడ్డించి, తన పక్కన కూర్చుని, తన పొలానికే గుంట తవ్విందా? లోపలికి దూకి ఇద్దరినీ నిలదీయాలనుకున్నాడు. సాక్ష్యం కావాలి, మాట వినాలి అని ఆగాడు.

లోపల సౌభాగ్య కొంగుముడి విప్పి నూట యాభై ఎనిమిది రూపాయలు బోరయ్య ముందు పెట్టింది. యశోదమ్మ అని చెప్పి ఫారం రాయించింది. పోయిన నెల సంతకం ఎట్లుండాదని తిప్పేశ్ అడిగాడు. గంగప్పను అడిగి ఫోన్లో ఫొటో తీసుకున్నానంటూ సౌభాగ్య అతనికి చూపింది. తిప్పేశ్ ఆ ఫోను చాలాసేపు చేతిలోంచి వదల్లేదు.

ఓబులేశ్ చెవి కిటికీకి ఆనించాడు.

"పెన్ను చూపిస్తే చాలు విసిరికొట్టే మనిషి, నెలనెలా మన ఫారాల మీద గీకీ గీకీ, పార్కులో కరెంటు కొట్టి చచ్చుబడిన ఆ కుడిచేత్తోనే పేరంతా రాసినాడు బావా!"