సలుపు

“నా భార్య కాలు తీసేశారు. ఇతన్ని ఉద్యోగంలోంచి తీసేసేదాకా నేను కదలను,” అన్నాడు పంతులు. ఫిర్యాదు రాసి తెచ్చాడు. అందులో కుర్ర డాక్టరు చేసిన తప్పుల కింద తనే ఎర్రగీతలు గీశాడు.

భార్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కుర్ర డాక్టరు తలవంచుకుని నిలబడ్డాడు. విచారణకు పెద్ద డాక్టరమ్మ వచ్చింది. తప్పు అతనిదని తేలితే ఈపూటే ఇంటికి పంపుతానంది.

మొన్న మోకాలి వెనక గడ్డతో పంతులు భార్య ఎమర్జెన్సీకి వచ్చింది. చీము గడ్డనుకుని కుర్ర డాక్టరు కత్తి పెట్టాడు. చీము రాలేదు. నెత్తురు గోడదాకా చిమ్మింది. చిన్నప్పటినుంచీ ఆమె ఎముక మీద ఓ బొడిపె ఉంది. హాని లేనిదని అప్పుడే ఎవరో చెప్పి పంపేశారు. అది ఇన్నేళ్లకు రక్తనాళాన్ని గీరి గీరి చిల్లు పెట్టింది. ఉబ్బింది నెత్తురే. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు.

“చెయ్యేసి చూస్తే నాడి తెలిసేది కదయ్యా,” అంది డాక్టరమ్మ.

“ఆవిడ తెచ్చిన కాగితంలో సలుపుతోందని ఉంది మేడమ్. సలిపేది చీము గడ్డే కదా అని... పొరబాటయింది.”

“పొరబాటు కాదు, నేరం. మాట సరిగ్గా వాడు,” అన్నాడు పంతులు. గడ్డ గుండెలా కొట్టుకుంటోందని తన భార్య చీటీలిచ్చే బల్ల దగ్గరే మొత్తుకుందట, కాగితంలోనూ అదే రాసిందట. వీళ్లు తమ తప్పు కప్పిపుచ్చుకోవడానికి కాగితం మార్చారట. ముప్పయ్యేళ్లు బళ్లో పాఠాలు చెప్పిన తనకే టోపీ పెడతారా అన్నాడు.

డాక్టరమ్మ కాగితం తెప్పించింది. నిజమే. ‘కొట్టుకుంటోంది’ అన్న మాట కొట్టేసి ఉంది. పైన గుండ్రటి అక్షరాల్లో ‘సలుపుతోంది’.

ఆమె కాగితం పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లింది.

“ఇది ఎవరు మార్చారమ్మా?”

“దాన్నడుగుతారేం? దానికి ఒత్తులే రావు. నన్నడగండి.”

పంతులు భార్య ఇటు తిరిగింది. దుప్పటి కింద కాలు ఉండాల్సిన చోట చదునుగా ఉంది. కాగితం చూసింది. మొగుణ్ణి చూసింది.

“‘గడ్డ కొట్టుకోదే మొద్దూ, సలుపుతుంది’ అని ఎర్రసిరాతో దిద్దింది మీరే కదండీ.”