అడుగున నీళ్ళు

కేబిన్ నేల మీది పలక ఎత్తగానే కింద నీళ్ళు తళుక్కుమన్నాయి. జానెడు లోతున్నాయి.

వడ్రంగి పలకని పక్కకి ఆనించి పెట్టాడు. పక్కనే ఒంగి చూసిన అతని భార్య గబుక్కున అతని భుజం పట్టుకుంది. ఆమె ఆసుపత్రిలో నర్సు, చిన్నదానికీ పెద్దదానికీ కంగారుపడే మనిషి కాదు. కానీ అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని ఇప్పటికే చెప్పేశారు. వచ్చే ఆదివారం నుంచి, కొనబోతున్న ఈ తెరచాప పడవే వాళ్ళ ఇల్లు. నాలుగేళ్ళ కూతురు పడుకోవాల్సింది సరిగ్గా ఈ పలక పక్కనున్న బల్ల మీదే.

"చుక్క నీరు రాదన్నారు కదా మాస్టారూ," అన్నాడు వడ్రంగి.

పడవ యజమాని లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇరవై ఆరేళ్ళు ఈ పడవకి తన చేత్తోనే రంగులు వేసుకున్నారు, చిరిగిన తెరచాపలు తనే కుట్టుకున్నారు. ఇప్పుడు ఆ నీళ్ళు చూసి వీళ్ళకంటే ఎక్కువ బిత్తరపోయారు. పడవ అన్నాక కాస్త చెమ్మ ఉంటుందని నసిగారు. ఆ నసుగుడు దగ్గరే నర్సుకి అనుమానం మొదలైంది. పోయినవారం వచ్చినప్పుడు ఈయనే ఈ పలక ఎత్తి, అడుగంతా అరచేత్తో తుడిచి, పొడి చెయ్యి చూపించారు మరి.

ఇక అక్కణ్ణించి ఆమెకి అన్నీ తేడాగానే కనిపించాయి. మాస్టారి భార్య పడవ ఎక్కకుండా గట్టు మీదే ఎందుకు నిలబడింది? ఆవిడ పడవని పేరు పెట్టి పిలవదు, సవతి అంటుంది. చలికాలంలో మాస్టారు పడవ మీద జారిపడి మోకాళ్ళు దెబ్బతిన్నాక, అమ్మి తీరాల్సిందేనని పట్టుబట్టింది కూడా ఆవిడేనట. ఆ సవతిని ఎవరికి కట్టబెట్టినా తనకి అభ్యంతరం లేదని మొదటిరోజే తేల్చి చెప్పింది. ఇందాక టీ అందిస్తున్నప్పుడు ఆవిడ రెండు అరచేతుల్లోనూ ఎర్రటి వాతలు కనిపించాయి. ఏమైంది పిన్నిగారూ అని నర్సు అడిగితే, ఫ్లాస్కు సంచి బరువమ్మా అంది. ఫ్లాస్కు ఏపాటి బరువుంటుంది?

మునిగే పడవని మన నెత్తిన రుద్దుతున్నారని నర్సు భర్త చెవిలో గొణిగింది. అతను వెళ్ళి, పక్క పడవలో పనిచేస్తున్న సుత్తిని వెంటబెట్టుకొచ్చాడు.

సుత్తి అంటే పడవలు పరీక్షించే పెద్దాయన. చేతిలో ఎప్పుడూ చిన్న చెక్క సుత్తి ఉంటుంది. నోరు తెరిస్తే గంటకి తక్కువ మూయడు. ఈ రెండిట్లో ఆ పేరు దేనివల్ల వచ్చిందో రేవులో ఎవరికీ తెలియదు. అలాంటి మనిషి పడవ ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టుకుంటూ, చెవి ఆనించి వింటూ, ఒక్క ముక్క మాట్లాడలేదు. దాంతో నర్సుకి ఇంకా భయం వేసింది.

చివరికి సుత్తి మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళలో వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు లేదు," అన్నాడు.

"అంటే?"

"సముద్రం లోపలికొస్తే ఉప్పగా ఉండాలి కదమ్మా. ఇవి మంచినీళ్ళు. కుళాయి నీళ్ళు."

తాగేనీళ్ళ ట్యాంకు కారిందేమోనని వడ్రంగి అడిగాడు. సుత్తి ట్యాంకు మీద టకటకా కొట్టి వినిపించాడు. ఎప్పుడో ఖాళీ చేసేశారు. వాన పడి నెల దాటింది. ఎవరో పనిగట్టుకుని పోశారు తప్ప ఇంకో దారి లేదని తేల్చేశాడు. గట్టు మీద ఒక్కటే కుళాయి, అదీ ఆ చివరెక్కడో ఉంది.

అమ్ముకునేవాడు తన పడవలో తనే నీళ్ళు పోసుకుంటాడా? నర్సుకి ఒళ్ళు మండింది.

"ఏం దాస్తున్నారు మాస్టారూ? మా పిల్ల పడుకునే చోటు ఇది."

మాస్టారు బల్ల మీద కూలబడి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"దాచడానికేం లేదమ్మా. నేనే పోశాను, నిన్న సాయంత్రం. పోయినసారి మీ ఆయన చుక్కాని పట్టుకున్న తీరు చూస్తే తెలిసిపోయింది, ఇది ఇక నాది కాదని. నీళ్ళు చూస్తే ఇంకో నెల ఆగుతారు, ఆ నెలయినా నా దగ్గర ఉంటుంది కదా అనుకున్నాను. బుద్ధి గడ్డి తింది. సిగ్గుగా ఉంది తల్లీ."

తర్వాత గట్టు వైపు చూసి గొంతు తగ్గించారు. ఆవిడకి మాత్రం చెప్పొద్దని, అమ్మమని నెత్తీనోరూ కొట్టుకుంటున్న మనిషికి ఇది తెలిస్తే తన పరువు పోతుందని బతిమాలారు. నర్సుకి సగం కోపం అక్కడే చల్లారింది.

ఈలోగా సుత్తి నీళ్ళు తోడి బకెట్ అందిస్తుంటే వడ్రంగి బయట పారబోస్తున్నాడు. ఐదో బకెట్ దగ్గర సుత్తి ఆగాడు.

"ఎన్ని పోశారు మాస్టారూ?"

"రెండు మగ్గులు."

"లెక్కల మాస్టారు కదా, సరిగ్గా చెప్పండి. నేను తోడింది ఐదు బకెట్లు."

"ఈ మోకాళ్ళతో ఐదు బకెట్లు మొయ్యగలనా? రెండే మగ్గులు," అంటూ మాస్టారు తెల్లమొహం వేశారు.

నర్సు తలెత్తి, తెరిచి ఉన్న తలుపులోంచి గట్టు మీదికి చూసింది. అంతా వింటూ నిలబడ్డ మాస్టారి భార్య ఎర్రబడిన చేతులు వెనక్కి పెట్టుకుంది. కాసేపటికి చెప్పులు గట్టు మీదే విడిచి, ఏ తాడూ పట్టుకోకుండా, రోజూ ఎక్కి దిగేదానిలా పడవలోకి దిగింది.

"మిగతావి నావి," అంది మొగుడి మొహం చూడకుండా. "ఆ నెల నాకూ కావాలనిపించి, పొద్దున్న పాలకని చెప్పి వచ్చి పోశాను. పోసినవి పోసినట్టే ఉన్నాయి చూశావా అమ్మాయ్, నా సవతి అంత గట్టిది."