ముందు వార్త

తలుపు కొట్టబోయి చెయ్యి దించేశాడు టైలరు. ఆసుపత్రి నుంచి దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఎటో పోయాయి.

తెల్లవారకముందే భార్య కన్నుమూసింది. లోపల ముగ్గురు పిల్లలున్నారు. ఏమని చెప్పాలి?

అందులోనూ ఇవాళ ఈస్టరు.

ఎలాగో కొట్టాడు.

"ఎవరది? దొంగవైతే పక్కింటికెళ్ళు!" లోపల్నుంచి బుడ్డోడి గొంతు. "మా ఇంట్లో చాక్లెట్లు తప్ప ఏం లేవు!"

చిన్నది కిసుక్కుమంది.

ఆట మొదలెట్టేశారు.

భార్య పెట్టిన ఆట అది. ఏటా ఈస్టరు పొద్దున అతను బయటికెళ్ళి తలుపు కొట్టాలి. యేసు సమాధి చూసొచ్చినవాడిలా వార్త చెప్పాలి. అందాకా ఎవరూ చాక్లెట్లు ముట్టకూడదు. "కొత్త బట్టలూ తిండీ ఎక్కడికీ పోవు. ముందు వార్త," అనేది ఆమె, కళ్ళజోడు వెతుక్కుంటూ. నిద్రలేవగానే ఆమె చెయ్యి తలగడ చుట్టూ దానికోసమే తడుముకునేది. అది దొరికేదాకా అమ్మకి నాన్న మొహం కూడా ఆనదని పిల్లలు ఆటపట్టించేవారు.

"తలుపు తియ్యండ్రా," అన్నాడు.

"అలా కాదు." పెద్దమ్మాయి తలుపుకి ఆనుకుని నిలబడ్డట్టుంది, గొంతు బాగా దగ్గరగా వినిపించింది. "ఎక్కణ్ణుంచి వస్తున్నావు?"

"ఈ ఒక్కసారికీ వద్దమ్మా."

"అమ్మేం చెప్పింది? ముందు వార్త."

"సమాధి దగ్గర్నుంచి."

"ఏం చూశావు?"

"రాయి దొర్లించి ఉంది. ఆయన అక్కడ లేడు."

"ఇంకో మాటుంది నాన్నా. దాన్ని మింగెయ్యకు."

ఏటా కాఫీ చల్లారిపోతోందని గబగబా అనేసే మాటే. ఇవాళ నుదురు తలుపుకి ఆనించాడు.

"లేచాడు."

"నిజంగా లేచాడా?"

ఈ ప్రశ్న ఎప్పుడూ ఆటలో లేదు.

"లేచాడమ్మా. నిజంగానే."

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

చిన్నవాళ్ళిద్దరూ వచ్చి అతని కాళ్ళకి చుట్టేసుకున్నారు. చిన్నదాని తెల్లగౌనుకి అంచు కుట్టడం మిగిలిపోయింది. ఎవరో వంకరటింకర కుట్లతో పూర్తిచేశారు. చూస్తూ చూస్తూ టైలరు అలాంటి కుట్టుని వదలడు. ఇవాళ దానిమీద ఊరికే చెయ్యి వేసి నిమిరాడు.

"నాన్నా, అమ్మ..." అని చిన్నది నోరు తెరిచిందో లేదో, పెద్దమ్మాయి ఆ నోట్లో చాక్లెట్ కుక్కేసింది. ఇంక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ మాత్రం దయకే అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

ముందు పెద్దదానికైనా చెప్పాలి. వంటింట్లోకి పిలిచాడు.

"తల్లీ..." అన్నాడు.

ఆమె మంచినీళ్ళ గ్లాసు అతని చేతికిచ్చింది. చిన్నవాళ్ళు ఇటు రావడం లేదని తొంగిచూసి, గొంతు తగ్గించింది.

"అమ్మ కళ్ళజోడు మర్చిపోయి వచ్చేశావని నర్సు ఇందాకే ఫోన్ చేసింది నాన్నా, అమ్మతోపాటే పెట్టెలో పెట్టెయ్యమన్నాను, లేచాక వెతుక్కుంటుంది కదా."