బీరువా వెనక మెయిన్

“మెయిన్ ఆఫ్ చేశారా అమ్మా?”

టైలరమ్మ కుట్టు ఆపకుండానే తలెత్తింది.

గుమ్మంలో ఆ పెద్దాయనే. వీధిలో ఎక్కడ జనరేటర్ చప్పుడు వినబడినా అక్కడ వాలిపోతాడు. అడిగేది ఎప్పుడూ ఆ ఒక్క ప్రశ్నే. అందుకే అందరూ ఆయన్ని ‘మెయిన్ తాత’ అంటారు.

నిన్నటి గాలివానకు చెట్టు కొమ్మ విరిగిపడి, స్తంభం నుంచి ఆమె కొట్టుకు వచ్చే వైరును తెంపేసింది. పొద్దున్నే కరెంటాఫీసుకు ఫోన్ చేస్తే “లైన్‌మన్ వస్తాడు” అన్నారు. ఎప్పుడొస్తాడో మాత్రం చెప్పలేదు.

రేపు స్కూలు తెరుస్తారు. ఇంకా అరవై జతల యూనిఫారాలు కుట్టాలి. మాట తప్పిందంటే వచ్చే ఏడు ఆ స్కూలువాళ్ళు ఈ గుమ్మం తొక్కరు.

అందుకే మరిది జనరేటర్ ఒకటి అద్దెకు తెచ్చి పెరట్లో పెట్టాడు. రెండు కొసలకూ ప్లగ్గులున్న వైరొకటి తయారుచేసి, ఒక కొస జనరేటర్‌కూ రెండోది గోడ ప్లగ్గుకూ గుచ్చాడు. నాలుగు మిషన్లూ ఒక్కసారిగా గలగలమన్నాయి.

“అలా గోడకు పెడితే కరెంటు మీ మిషన్ల దగ్గర ఆగదమ్మా,” అన్నాడు పెద్దాయన. “మెయిన్ ఆన్‌లో ఉంటే వెనక్కి మళ్ళి బయటి వైరులోకి పోతుంది. స్తంభం మీద మనిషి ఉంటే...”

“స్తంభం మీద కాకులున్నాయి తాతా,” అన్నాడు మరిది.

“ఇప్పుడు కాకులే. తర్వాత మనిషి వస్తాడుగా బాబూ.”

మెయిన్ పెట్టె బట్టల బీరువా వెనక ఉంది. బీరువా జరపాలంటే కుట్టినవన్నీ కిందికి దించాలి, ముందున్న రెండు మిషన్లూ పక్కకు లాగాలి. గంట పని.

ఆమెకు విసుగొచ్చింది. జాలి కూడా వేసింది. ఆయన కొడుకు లైన్‌మన్‌గా చేసేవాడని, ఎవరిదో జనరేటర్ కరెంటు తగిలి స్తంభం మీదే పోయాడని, అప్పటినుంచి ముసలాయనకు మతి చలించిందని వీధిలో చెప్పుకుంటారు.

“ఆఫ్ చేశాం తాతగారూ,” అంది.

“నువ్వే చేశావా అమ్మా?”

“నా చేత్తో నేనే చేశాను.”

ఆయన మొహం తేటపడింది. “చల్లగా ఉండు తల్లీ,” అంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

“భలే వదిలించావు వదినా,” అన్నాడు మరిది.

ఇద్దరూ నవ్వుకున్నారు.

మధ్యాహ్నం మూడింటికి వీధిలో ఏదో బరువుగా పడిన చప్పుడైంది. ఆ వెంటనే అరుపులు.

ఆమె బయటికి పరుగెత్తింది. నిచ్చెన స్తంభానికి ఆనించింది ఆనించినట్టే ఉంది. కింద లైన్‌మన్ పడి ఉన్నాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. ఆమె కొట్టు వైరు కలపడానికే వచ్చాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు తీసేసి మరీ ఎక్కాడు. కొట్టువైపు వేలాడుతున్న వైరును ధైర్యంగా చేత్తో పట్టుకున్నాడు.

ఎవరో అతని ఛాతీ మీద చెవి పెట్టి విని, తల అడ్డంగా ఊపారు.

లోపల మిషన్లు ఇంకా గలగలమంటూనే ఉన్నాయి.

పోలీసులకు ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. మర్నాడు మరిది ఎంత వద్దంటున్నా లైన్‌మన్ ఇంటికి బయలుదేరింది. అతని తల్లికి కూడా తన నోటితోనే చెప్పాలనుకుంది.

గేటు దాకా వెళ్ళి ఆగిపోయింది. లోపలి నుంచి ఏడుపు వినబడుతోంది.

గేటు పక్క అరుగు మీద మెయిన్ తాత కూర్చుని ఉన్నాడు.

ఆమెను చూసి అరుగు మీంచి లేచాడు. తిడతాడేమో అనుకుంది ఆమె.

“లోపలికి వెళ్ళమ్మా,” అన్నాడు. “ఈ రోజు వెళ్ళకపోతే ఇంకెప్పటికీ వెళ్ళలేవు.”

ఆమెకు దుఃఖం ఆగలేదు. “మీ కొడుకునూ నాలాంటివాళ్ళే పొట్టన పెట్టుకున్నారు తాతగారూ. అది తెలిసీ మీకు అబద్ధం చెప్పాను.”

ఆయన చెయ్యి చాపి గేటు గడియ తీశాడు.

“ఆనాడు పోయినవాడు నా కొడుకు కాదమ్మా,” అన్నాడు మెల్లగా. “అతన్ని చంపిన ఆ జనరేటర్ నాది.”