కరిచింది

"మళ్ళీ కరిచింది!"

భార్య కేక విని ఏసీ మెకానిక్ కాఫీ గ్లాసు వదిలేసి పరుగెత్తాడు. ఆమె వెనకగది గుమ్మంలో మోచెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఎర్రగా పళ్ళ గాట్లు. ఒకచోట నెత్తురు కూడా వచ్చింది. కింద దువ్వెన పడి ఉంది. పాలగిన్నె బోర్లా పడి ఉంది.

"నేనేం పాపం చేశానండీ? చిక్కులు పడ్డాయి కదా అని దువ్వుతున్నాను, అంతే! చాకిరీ నాదే, కాట్లూ నాకేనా?"

ఈ నెలలో ఇది నాలుగోసారి. మెకానిక్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంత చేసినా ఇంతేనా? పక్క తడిపితే ఉతకాలి, తిండి ముందు పెట్టి బతిమాలాలి, పైగా కరిపించుకోవాలా? గదిలోకి దూసుకెళ్ళాడు. చెయ్యి ఊరుకోలేదు. ఒక్కటి అంటించాడు. బయటికొచ్చి ధడాలున తలుపు మూసి గడియ పెట్టాడు.

"ఇక నావల్ల కాదు," భార్య గాయం కడుక్కుంటూ తెగేసి చెప్పింది. "వాళ్ళకి ఫోన్ చేసేశాను. నాలుగింటికి బండి తెస్తారు. అక్కడ చూసుకునే మనుషులున్నారు. పంపించేద్దాం. కాదంటారా, నేనే మా అక్క దగ్గరికి పోతాను."

"పంపించెయ్. పీడా పోతుంది!"

అన్నాడే గానీ, ఆ మాట అన్నందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని విసవిసా వెళ్ళిపోయాడు.

ఆరోజు మొదటి పని పెంపుడు జంతువుల ఆసుపత్రిలో. నిచ్చెనెక్కి ఏసీ మూత విప్పుతుంటే కింద బల్లమీద ఓ బూడిదరంగు పిల్లి. పక్కన చేతికి కట్టుతో దాని యజమాని. ఆయన్ని దులిపేస్తూ డాక్టరు.

"ఊరికే కరిచిందా? ఊరికే ఎందుకు కరుస్తుందండీ! తోక టపటపా కొట్టిందా లేదా? చెవులు వెనక్కి పెట్టిందా లేదా? ఒళ్ళు బిగబట్టిందా లేదా? మూడుసార్లు వద్దని చెప్పింది. మీరు నిమురుతూనే ఉన్నారు. నాలుగోసారి పళ్ళతో చెప్పింది."

ఆయన పిల్లిని చంకనేసుకుని జారుకున్నాడు.

మెకానిక్‌కి నోరు ఆగలేదు. "మా ఇంట్లోనూ కరుస్తోంది మేడమ్. ఇవాళ మా ఆవిడ చెయ్యి కొరికేసింది. సాయంత్రం పంపించేస్తున్నాం."

"వయసు?"

"బాగా పైబడింది."

"తింటోందా?"

"వారంరోజులుగా గిన్నె తోసేస్తోంది. పొగరు."

"పొగరా!" డాక్టరు కస్సుమంది. "ఎక్కడ ముట్టుకుంటే కరిచింది?"

"తల దువ్వుతుంటే. చెంప దగ్గర."

"పంటినొప్పేమో! ఒక్కసారైనా నోట్లోకి చూశారా? నోరులేనిది, నొప్పని ఎలా చెబుతుంది? ఈ వయసులో చూపు ఆనదు, చెవి వినబడదు. వెనకనుంచి చెయ్యేస్తే బెదిరిపోదూ? కొట్టలేదు కదా?"

మెకానిక్ మొహం తిప్పుకుని ఫిల్టరు గబగబా దులపసాగాడు.

"కొట్టావన్నమాట. సిగ్గులేదూ? ఆ చెయ్యే కదయ్యా దానికి ఇన్నాళ్ళూ ధైర్యం! ఇప్పుడు అదే చెయ్యి చూస్తే వణుకుతుంది."

మెకానిక్‌కి చిర్రెత్తుకొచ్చింది. కరిపించుకున్నవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ! చల్లటి గదిలో కూర్చుని నీతులు చెప్పడం ఎవరికి చేతకాదు? అదీ తను బాగుచేసిన ఏసీ కింద! స్క్రూలు బిగించి, నిచ్చెన మడిచాడు.

"ఎదురుగా వెళ్ళు. కింద కూర్చో. చెయ్యి చాపి ఆగు. దానంతట అది దగ్గరికొచ్చాకే ముట్టుకో. ఏమైందీ నాకు ఫోన్ చెయ్యి!" డాక్టరు వీధిదాకా అరుస్తూనే ఉంది.

దారంతా తిట్టుకున్నాడు. డాక్టర్ని తిట్టాడు, భార్యని తిట్టాడు, బండివాళ్ళని తిట్టాడు. రెండో పని దగ్గర ఒకే స్క్రూ మూడుసార్లు చేజారింది. మధ్యాహ్నం మూడయ్యేసరికి తిట్టడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు. పని సగంలో వదిలేసి ఇంటికి పరుగెత్తాడు.

గడియ తీశాడు. ఎదురుగా వెళ్ళి నేలమీద కూర్చున్నాడు. చెయ్యి చాపాడు. అది చూడగానే మూలకి ముడుచుకుపోతుంటే గుండె చివుక్కుమంది. పావుగంట కదల్లేదు. ఏవో పిచ్చి కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. చివరికి ఆ తల మెల్లగా వచ్చి అతని అరచేతిలో ఆనింది. టార్చి వేసి నోట్లోకి చూశాడు. కింది దవడ చిగురు రేగుపండంత వాచి చీముపట్టి ఉంది.

"ఏమే, ఇటు రా! చూడు!"

భార్య తొంగిచూసింది. "అయ్యయ్యో!" చేతి కట్టు సంగతి మరిచిపోయి పక్కనే చతికిలబడింది. "ఇంత నొప్పి పెట్టుకుని ఉంటే నేను చెంపమీద దువ్వెన ఆనించానే!"

బయట హారన్ మోగింది. మెకానిక్ ఒక్క అంగలో వీధిలోకి వెళ్ళాడు. "బండి తిప్పండి! ఎక్కడికీ పంపడంలేదు. పొమ్మంటుంటే వినబడదా?" ఆ అరుపుకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

గుమ్మంలోనే నిలబడి డాక్టరుకి ఫోన్ చేశాడు. "మీరు చెప్పిందే నిజం మేడమ్. చిగురు వాచింది."

"చూశావా మరి! ఉత్తపుణ్యానికి వెళ్ళగొట్టబోయావు. సరే, పొద్దున్నే బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కప్పి తీసుకొచ్చెయ్. నేను చూస్తాను."

"బుట్టలో పట్టదు మేడమ్," అన్నాడు మెకానిక్, "కరిచింది మాట పడిపోయిన మా అమ్మ."